బెజ్జం బండకు ఫ్యాను

మా ఊరి బండకు ఇప్పుడు స్విచ్చి ఉంది. టీకొట్టులో బిస్కట్ల డబ్బాల వెనక గోడకు బిగించారు. ఆదివారం పొద్దున టీకొట్టతను ఆ స్విచ్చి వేస్తే బండ ఊపిరి వదులుతుంది. సాయంత్రం కొట్టు కట్టేసేముందు ఆపేస్తే మానేస్తుంది. మధ్యలో కార్లలో వచ్చినవాళ్ళు ఆ గాలికి చున్నీలు ఎగరేసుకుని, వీడియోలు తీసుకుని, ప్రకృతి ఎంత చిత్రమో అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటూ వెళ్ళిపోతారు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. వాళ్ళ మీద కాదు, పాపం వాళ్ళకేం తెలుసు. మా మీద మాకే మండాలి.

మాది కృష్ణ ఒడ్డు. దాచేపల్లి వైపు సిమెంటు లారీలు తిరిగే రోడ్డు వదిలేసి, మిరప చేల మధ్యగా గుంటల దారిలో వస్తే ఎక్కడ ఇక ముందుకు పోవడానికి వీల్లేదో అక్కడ ఉంటుంది మా ఊరు. బస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. సాయంత్రం బస్సు ఒక్కోరోజు డ్రైవరు మనసును బట్టి ఉంటుంది. ఏటికి అవతల తెలంగాణ. మా ఊరి దగ్గర రెండు గట్లూ దగ్గరకొచ్చి ఏరు సన్నబడుతుంది కాబట్టి, అవతల గొర్రెలు కాసేవాళ్ళు గట్టిగా కేకేస్తే మాకు వినబడుతుంది.

ఆ గట్టు మీదే, నాపరాతి పొరలు బయటికి తేలినచోట, మంచమంత నల్లబండ ఒకటి ఉంది. దాని నడిమధ్యలో అరచెయ్యి దూరేంత బెజ్జం. ఎవరూ తొలిచింది కాదు. అది ఎన్ని వంకరలు తిరుగుతుందో ఏమో గాని, ఏటి నీళ్ళ దాకా పోతుంది. ఏరు పెరుగుతుంటే లోపలి గాలి బెజ్జంలోంచి బయటికి తన్నుకొస్తుంది. ఏరు తీస్తుంటే లోపలికి లాగుతుంది. ఏరు నిలకడగా ఉంటే ఏ కదలికా ఉండదు. ఇందులో మహిమ ఏమీ లేదు. నేను మా ఊరి బడిలో టీచర్ని, సీసాకు గరాటు పెట్టి నీళ్ళు పోసి ఈ సంగతి ప్రతి ఏడూ పిల్లలకు చూపిస్తాను. కానీ ఈ మహిమ లేని బెజ్జం మా ఊళ్ళో ఎంతమందిని బతికించిందో లెక్క లేదు.

నేను ఈ ఊరు కోడలిగా వచ్చిన కొత్తలో నన్ను మొదటిసారి ఏటికి తీసుకుపోయింది మా చిన్నత్త. మా మామగారి తమ్ముడి భార్య. బట్టల మూట నెత్తిన పెట్టుకుని గబగబా నడిచే మనిషి బండ దగ్గర ఆగి, కొంగు చివర పట్టుకుని బెజ్జం మీద వేలాడదీసింది. నన్నూ అలాగే పట్టుకోమంది.

"కొంగు పైకెగిరితే దిగబాకు. లోపలికి పీక్కుంటే దిగు. ఊరికే ఉంటే, దిగొచ్చుగాని ఉతికిందాక ఉతికి బిరబిరా వచ్చెయ్. ఏంది, బుర్రకెక్కిందా?"

ఎక్కింది అన్నాను. ఇంకో మాట కూడా చెప్పింది. కొంగు పైకెగరడం ఎవరు ముందు చూస్తే వాళ్ళు గట్టు పొడుగునా కేక వెయ్యాలి. తర్వాత నీళ్ళ అంచున పెట్టిన నీళ్ళు తోడే ఇంజన్లు పైకి లాగాలి. అన్నిటికంటే దిగువన ఎవరి ఇంజను ఉంటే ముందు వాళ్ళది లాగాలి. తనది తర్వాత. ఆ దిగువ ఇంజను వాళ్ళతో మాటల్లేకపోయినా, పొలం గట్టు దగ్గర కొట్టుకుని పోలీస్ స్టేషన్ దాకా పోయినా సరే. పార్టీల పేరు చెబితే కత్తులు నూరుకునే మా ఊళ్ళో ఈ ఒక్క నియమం ఎవరూ తప్పడం నేను చూడలేదు.

చిన్నత్తకు మొగుడు పోయి చాలాకాలమైంది. ఒక్క కూతురు, బొల్లాపల్లి దగ్గర ఇచ్చారు. గట్టు మీద చిన్న పొలం చెక్క ఉంది. అందులో మిరపనారు పోస్తుంది. జులై, ఆగస్టుల్లో చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ రైతులు ఆమె నారు కోసం వస్తారు. "అత్తమ్మ నారు ఒక్క మొక్క చావదు" అని పేరు. నారుమడికి పూట తప్పకుండా తడి పెట్టాలి. నడివయసులో బిందెలతో మోసేది. తర్వాత చిన్న పెట్రోలు ఇంజను కొనుక్కుంది. పొద్దున దాన్ని నీళ్ళ అంచుకు దించడం, తడి అయ్యాక వీలైతే పైకి తెచ్చుకోవడం. సరిగ్గా నారు పోసే రోజుల్లోనే ఏటికి వరద వచ్చేది. అందుకని ఆమె బతుకంతా ఆ బెజ్జం మీద నడిచింది. కూతురు రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, "నా చేతిలో పని ఉండంగా నేనెందుకే ఒకళ్ళ పంచన కూకోటం" అనేది.

ఈ మధ్య మా ఊళ్ళో అందరికీ ఫోన్లు వచ్చాయి. పైన డ్యాం గేట్లు ఎత్తితే ఊరి గ్రూపులో మెసేజ్ పడుతుంది. బండ దగ్గర ఆగడం ఒక్కొక్కళ్ళే మానేశారు. నేనూ మానేశాను. చిన్నత్త దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అది కూతురు మాట్లాడటానికే. అందులో మెసేజ్ వచ్చినా ఆమెకు చదవడం రాదు. ఆమెకు బండ ఉంది, చాలు.

అలా ఉండగా ఎవరో కొత్తగా పెళ్ళయిన జంట వచ్చి, ఆ అమ్మాయి పైట ఎగురుతుంటే రీలు తీసి పెట్టారు. ఆ రోజు ఏరు పెరుగుతోంది కాబట్టి పైట బ్రహ్మాండంగా ఎగిరింది. ఇక జనం మొదలయ్యారు. మాచర్ల నుంచి, నరసరావుపేట నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. మా ఊరికి ఎన్నడూ రాని రంగుల కార్లు వచ్చాయి. టీకొట్టు వెలిసింది. మా బావగారు పెద్దమనిషిగా ఒక కమిటీ వేశారు. ఆయన గతంలో సర్పంచి చేసిన మనిషి, ఊరికి ఏదో పేరు రావాలని నిజంగానే తపన ఉన్నవాడు.

బోర్డు రాసే పని నాకు అప్పగించారు. "టీచరువి గదమ్మా, బాగా రాయి" అన్నారు బావగారు. బెజ్జం బండ అనే పేరు మోటుగా ఉందని నేనే దాన్ని 'ఊపిరి బండ' చేశాను. నది ఉచ్ఛ్వాస నిశ్వాసాలని, ప్రకృతి మాత పలకరింపని ఏమేమో రాశాను. పెయింటరు రాస్తుంటే పక్కన నిలబడి ఒత్తులు సరిచూశాను. కొంగు పైకెగిరితే ఏట్లోకి దిగవద్దు అన్న ఒక్క మాట, ఊళ్ళో ఆడవాళ్ళు పెళ్ళయిన నాటినుంచీ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటూ వచ్చిన మాట, బోర్డులో రాయలేదు. రాస్తే అందం చెడుతుందనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

చిక్కేమిటంటే ఏరు ఎప్పుడూ పెరగదు. ఎండాకాలమంతా బండ మిన్నకుండిపోయింది. అంతదూరం వచ్చినవాళ్ళకు ఒళ్ళు మండి, అంతా మోసమని ఫోన్లలో రాయడం మొదలుపెట్టారు. బావగారికి తల కొట్టేసినట్టయింది. ఒకరోజు మా వసారాలో కమిటీ కూర్చుంది. నేను టీలు అందిస్తున్నాను. బండ చుట్టూ అరుగు కట్టి టైల్స్ వేద్దామన్నారు. దాంతోపాటు బెజ్జాన్ని లోపల సిమెంటుతో పూడ్చి, దాని పైన ఒక గొట్టం పెట్టి, అరుగు కింద నుంచి కూలరు ఫ్యానుతో గాలి తోలిద్దామన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు. ట్రాక్టరుకు టైరు మార్చే సంగతి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు.

నేను ఉండబట్టలేక అన్నాను. "బావగారూ, గొట్టం పెట్టి మూసేస్తే ఏరు పెరిగినప్పుడు తెలియదు గదండీ."

"ఇంకా ఎవరు చూస్తన్నారమ్మా బండని? అందరికీ ఫోన్లున్నయ్ గదా."

"చిన్నత్త చూస్తుందండీ."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "పిన్నికి నీళ్ళొచ్చే రోజు మనం చెబుతాంలే. ఈ ఫ్యాను సంగతి మాత్రం ఆమె చెవిన వెయ్యమాకండి. ఆమె నోరు మీకు తెలవదా? ఆదివారం జనం ముందర నిలబడి చానా గోల చేసిద్ది."

అందరూ తలలూపారు. నేను ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళాను. మా కుటుంబంలో బావగారి మాటకు ఒకసారి ఎదురు చెప్పడమే ఎక్కువ, రెండోసారి ఎవరూ చెప్పరు. నేను చెప్పొచ్చు. ఉద్యోగం చేస్తున్నదాన్ని, ఎవరి తిండీ తినడం లేదు. చెప్పలేదు. "మనం చెబుతాంలే" అన్నారు గదా, ఆ మనం ఎవరో కూడా నేను అడగలేదు.

అరుగు కట్టే రోజుల్లో చిన్నత్తకు జ్వరం వచ్చి కూతురి దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మెరిసే టైల్స్, మధ్యలో రాతిరంగు పూసిన గొట్టం. "ఏందే ఈ సోకు" అని మూతి తిప్పిందిగాని, కొంగు మాత్రం మామూలుగానే పెట్టి చూసింది. ఆమె వెళ్ళేది తెల్లవారుజామున. అప్పుడు ఫ్యాను ఉండదు. కొంగు కదలదు. ఏరు నిజంగానే నిలకడగా ఉంది. అందుకని కొన్నాళ్ళు ఏ తేడా తెలియలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నారుమడికి రెండో తడి పెట్టాల్సి వచ్చి ఏటికి బయల్దేరింది. బండ చుట్టూ జనం. వాళ్ళను నెట్టుకుంటూ వెళ్ళి కొంగు పెట్టింది. కొంగు జివ్వున పైకి లేచింది. అంత జోరుగా ఆమె తన జన్మలో చూసి ఉండదు. కొంగు వదిలేసి గట్టు మీద పరుగెత్తుతూ కేకలు మొదలుపెట్టింది.

"ఏరొస్తందర్రోయ్! ఇంజన్లు తియ్యండర్రోయ్! ఎవురన్నా రండర్రోయ్!"

ఎవరూ రాలేదు. చేలల్లో ఉన్నవాళ్ళు ఫోను చూసుకుని, మెసేజ్ లేదని నవ్వుకున్నారు. సందర్శకులు మాత్రం ఫోన్లు ఎత్తి ఆమె వెంట పడ్డారు. ఇదంతా కార్యక్రమంలో భాగమనుకున్నారేమో, చప్పట్లు కూడా కొట్టారు. ఆ రోజు అందరికంటే దిగువన ఉన్నది మా బావగారి ఇంజను. నియమం ప్రకారం ముందు దాన్నే పట్టుకుంది. అరవై దాటిన మనిషి, తాడు భుజానికి వేసుకుని, మోకాళ్ళు నేలకు ఆనిస్తూ లాగింది. కేకలు విని నేను ఇంట్లోంచి పరుగున వెళ్ళేసరికి అది సగం గట్టు ఎక్కింది. నేనూ ఒక చెయ్యి వేశాను. తర్వాత ఆమెది పైకి తెచ్చాం. ఊపిరి అందక చతికిలబడి, "నువ్వన్నా వచ్చావే, అంతే చాలు" అంది. అప్పుడు చెప్పాలి. అదిగో ఆ టీకొట్టులో స్విచ్చి ఉంది అత్తా, పోయి ఆపేద్దాం పద అనాలి. నేను నీళ్ళ చెంబు అందించాను.

సాయంత్రం దాకా ఆమె ఒడ్డున కూర్చుంది. నీళ్ళ అంచున పుల్ల గుచ్చి చూస్తూనే ఉంది. పుల్ల తడవలేదు. "గేటు ఎత్తి మళ్ళా దించి ఉంటారు, బండ తప్పు చెప్పదు" అంది ఇంటికి వస్తూ. ఆమె పరుగుకు పాట తగిలించి ఎవరో పెట్టిన వీడియో వారం రోజులు మా ఊరి గ్రూపులోనే తిరిగింది. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళలో ఆమె చేత ఇంజన్లు లాగించుకున్నవాళ్ళు ఉన్నారు, ఆమె నారుతో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

తర్వాత ఆగస్టులో ఒక బుధవారం. పదిగంటల వేళ నేను నాలుగో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఫోను మోగింది. గేట్లు ఎత్తారు, ఒడ్డున ఉన్నవాళ్ళు జాగ్రత్త అని గ్రూపులో మెసేజ్. చూశానని తెలిసేలా బొటనవేలు బొమ్మ పెట్టాను. అందరూ పెట్టారు. ఇంజన్లున్నవాళ్ళు ఎవరివి వాళ్ళు వెళ్ళి పైకి తెచ్చుకున్నారు. దిగువది ముందు అన్న మాట ఫోనులో ఎక్కడా లేదు గదా. చిన్నత్తకు ఎవరో ఒకళ్ళు చెప్పే ఉంటారని ప్రతివాళ్ళూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. బడికీ ఆమె ఇంటికీ మధ్య నాలుగు గడపలు.

మధ్యాహ్నం ఆమె తడి పెట్టడానికి బయల్దేరింది. బండ దగ్గర ఆగి కొంగు పెట్టింది. బుధవారం. సందర్శకులెవరూ లేరు. స్విచ్చి వెయ్యలేదు. కొంగు ఇసుమంతైనా కదల్లేదు. ఇంజను దించుకుంది.

పైపు బిగించి తాడు లాగేలోపు నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. ఇంజను వదిలేసి ఎక్కేస్తే సరిపోయేది. వదల్లేదు. దాన్ని ఎత్తబోతే కాలికింద ఒండ్రు జారి రాళ్ళ మీద పడింది. కుడి మణికట్టు విరిగింది. కొట్టుకుపోతూ ఎడమచేత్తో తుమ్మకొమ్మ పట్టుకుంది. ఈ ఒడ్డున చూసినవాడు ఒక్కడు లేడు. అవతలి ఒడ్డున గొర్రెలు కాసుకునే మనిషి చూశాడు. "ఓ ఆంధ్రోళ్ళూ! గీడ అవ్వ కొట్కపోతున్నది! ఉరుకుండ్రి!" అని గొంతు చించుకుని అరిస్తే, చేలో మందు కొడుతున్న ఇద్దరు విని, తాడు పట్టుకుని పరుగెత్తి బయటికి లాగారు. ఇంజను పోయింది. మనిషి దక్కింది.

నరసరావుపేట ఆస్పత్రిలో పిండికట్టు వేయించి, మా ఇంటికే తీసుకొచ్చాం. నేనే అన్నం కలిపి తినిపించేదాన్ని. మూడో రోజు బావగారు ఆపిల్ పళ్ళ కవరుతో వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"వయసైపోయింది పిన్నీ. నీకు చూపు ఆనటంలా. ఇంక ఏటికి పోమాక. ఆ చెక్క ఎవరికన్నా కౌలుకిచ్చి అమ్మాయి దగ్గర ఉండు."

ఆయన ముఖంలో జాలి కూడా ఉంది. అదే నాకు ఎక్కువ మండింది. దొంగతనం చేసినవాడే ఇంట్లోవాళ్ళకు మతిమరుపని మందు తెచ్చి ఇచ్చినట్టు ఉంది. చిన్నత్త ఏమన్నా తిడుతుందేమోనని చూశాను. ఊళ్ళో ఎవరికీ తల వంచని మనిషి తల వంచుకుని, "అంతేరా. కొంగు ఎగిరే ఉంటది. నాకే ఆనలా. ఆ ఆదివారమూ అట్టానే, లేనిది చూసి కేకలేశా" అంది.

ఆయన్ని గేటు దగ్గర పట్టుకున్నాను. పెళ్ళయి వచ్చాక ఆయన ముందు గొంతు పెంచింది అదే మొదలు. ఆ ఫ్యాను ఈ రోజే పీకించండి, ఆమెకు నిజం మీరే చెప్పండి అన్నాను. "దసరా సెలవులు పోనీమ్మా, జనం వస్తారు" అన్నారు. "నిజం చెప్పి ఇప్పుడేం చేస్తాం, ముసలామె మనసు కష్టపడిద్ది" అన్నారు. మండలాఫీసుకు అర్జీ రాసి తీసుకుపోతే, ఫ్యాను కనబడేలా ఫోటో తెమ్మన్నారు. ఫ్యాను అరుగు కింద సిమెంటులో ఉంది. అది ఈ రోజుకూ తిరుగుతూనే ఉంది.

ఇంత ఆవేశపడ్డ దాన్ని, నేను ఆమెకు చెప్పడానికి ఇంకో నాలుగు రోజులు తీసుకున్నాను. పూటపూటా ముద్దలు పెడుతూనే ఉన్నాను. ఈ లోపు నారుమడి ఎండిపోయింది. నారు కోసం వచ్చిన రైతులకు "నా చేత కాదయ్యా, ఇంక వేరేచోట చూసుకోండి" అని ఆమే చెప్పి పంపింది. గోడ మీద కాలెండరు వైపు చూసి అంకెలు చదవడానికి ప్రయత్నించేది. అంకెలు వచ్చు ఆమెకు. సరిగ్గానే చదివేది. చదివి, సరిగ్గా చదివానో లేదో అని నన్ను అడిగేది.

ఏడో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ, "ఏమే, నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసకపోతావా? ఆపరేషన్ చేస్తే వచ్చిద్దేమో. కూతురింట్లో గుడ్డిదాన్లాగా కూకోలేనే" అంది. ఆ గొంతులో బతిమాలడం నేను ఎప్పుడూ వినలేదు.

చేతిలో ముద్ద అలాగే పట్టుకుని మొత్తం చెప్పేశాను. సిమెంటు, గొట్టం, ఫ్యాను, స్విచ్చి, ఆదివారం, బుధవారం. ఆమె అంతా విని అడిగింది.

"అయితే నా కళ్ళు బానే ఉన్నయ్యా?"

"బాగున్నాయి అత్తా."

"ఆదివారం కొంగు ఎగిరింది."

"ఎగిరింది."

ఆమె ముఖం విచ్చుకుంది. నిజంగా సంతోషపడింది. అంత నష్టం జరిగాక ఆ ముక్క విని సంతోషపడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పెట్టకముందే."

"ఆ రోజు నాతోపాటు ఇంజను లాగేటప్పుడు కూడా?"

"తెలుసు."

"మరి ఈ వారం రోజులూ నాకు అన్నం పెట్టేటప్పుడు?"

తెలుసు అన్నాను.

ఆమె ఎడమ చెయ్యి చాపి నా చేతిలో పళ్ళెం తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మెతుకులు చీర మీద పడుతుంటే ఏరుకుంటూ, ఎడమచేత్తోనే అన్నం తినడం మొదలుపెట్టింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, కూతురి దగ్గరికి, బొల్లాపల్లి వైపు సాయంత్రం బస్సు ఉందో లేదో వాకిట్లో వెళ్ళేవాళ్ళను అడుగుతోంది.